తడిసిన తుపాకి

తూర్పున నల్లమల, పడమట ఎర్రమల, ఆ రెండు కొండవరుసల నడుమ పరచుకొన్న నల్లరేగడి నేల, ఆ నేలను ఉత్తరమునుండి దక్షిణమునకు చీల్చుకొనుచు పెన్నను కలియబోవు కుందూనది: నంద్యాల సీమ యనగా ముఖ్యముగా నింతియే. వేసవిలో పశువులు సైతము సులభముగా దాటిపోగల యీ నది, భాద్రపద ఆశ్వయుజములలో కొండలమీద ఒక రాత్రి గట్టివాన కురిసెనా, తెల్లవారునప్పటికి పొలముగట్లను మింగి ఊరి వాకిళ్లకు వచ్చును. నంద్యాల పట్టణములో మద్దిలేరును చామకాలువయు దానికి తోడగును. ఆళ్లగడ్డ వైపున వక్కిలేరు పొంగును. అడుగున పడిన నాణెము పైకి కనబడునంత తేటనీరు గల మహానంది కోనేరులు సైతము 2019 సెప్టెంబరు వానలకు బురదనీట మునిగినవి. అంతకు పదేండ్ల ముందు, 2009 అక్టోబరు 2వ తేదీన, తుంగభద్రయు హంద్రీయు ఏకమై కర్నూలు నగరమును ముంచెత్తిన సంగతి యీ ప్రాంతమువారికి ఒకరు చెప్పవలసిన పని లేదు.

వరద తీసిన పిదప ప్రతి యింటి ముందును తడిసిన సామాను ఎండకు వచ్చును. వడ్లబస్తాలు, బొంతలు, పట్టాదారు పాసుపుస్తకములు, పిల్లల బడిపుస్తకములు వరుసగా అరుగులమీద పరచియుండును. కొన్ని యిండ్లలో మాత్రము నలుగురి కంట బడకుండ లోపలిగదిలోనే ఆరవలసిన వస్తు వొకటి యుండును. అది లైసెన్సు రివాల్వరు. ఇనుపబీరువా అడుగు అరలోనో, మంచము క్రింది ట్రంకుపెట్టెలోనో తోలు ఒరలో పెట్టి దాచిన దానిని, నీరు గడప దాటి వచ్చిన వేళ ఎవ్వరును తలపరు. తలపకపోవుటయు న్యాయమే, ముందు పిల్లలు, ముసలివారు, పశువులు మిద్దె యెక్కవలెను గదా. రెండు మూడు దినములు గడచి అందరును క్షేమమని తేలిన తరువాత ఇంటియజమానికి చటుక్కున జ్ఞాపకము వచ్చును. అప్పటికి నీరు తన పనిని చాలవరకు సాగించి యుండును.

ఈ సీమలో తుపాకి యనినంతనే కొందరికి ప్రతిష్ఠ, కొందరికి భయము, కొందరికి బాంబుల చప్పుళ్లతో గడచిన చిన్ననాటి రాత్రులు స్ఫురించును. కక్షల కాలములో ప్రాణరక్షణకని కొందరు లైసెన్సులు పొందిరి. తండ్రి తరువాత కుమారుని పేరునకు కొన్ని మారినవి. కక్షలు చల్లారిన పిమ్మటను ఆయుధములు బీరువాలలో మిగిలినవి. ఆ చరిత్ర వ్రాయుటకు వేరే తావు కావలెను. ఇచ్చట నేను చెప్పదలచినది చిన్నది, కాని ప్రాణములతో ముడిపడినది. తుపాకిని ఇంట నుంచుకొన్నవాడు దాని ప్రతిష్ఠను మాత్రమే ఉంచుకొని దాని పోషణను విడిచినచో, ఆ ఆయుధము పగవానికంటె ముందుగా ఉంచుకొన్నవానికే పగ యగును. ఒకమారు నీట మునిగిన ఆయుధమును వెంటనే తెలిసినవారిచేత బాగుచేయించుకొనవలెను, లేదా ప్రభుత్వమునకు అప్పగించి బాధ్యత వదలుకొనవలెను. ఒడలు తుడిచి, మునుపటివలె బీరువాలో పెట్టి తాళము వేయుట మాత్రము కూడనిపని.

ఏలననగా ఉక్కునకు నీరును గాలియు రెండును తగిలినచోట తుప్పు పుట్టును, నీటిలో ఉప్పులు కరిగి యుండినచో అది మరింత వేగముగా వ్యాపించును. నీట మునిగియున్నంతసేపు కొంత నెమ్మదిగా నుండిన యీ క్రియ, ఆయుధమును బయటికి తీసి తడితోనే గాలికి పెట్టిన క్షణమునుండి జోరందుకొనును. కొలది గంటలలోనే గొట్టము లోపల పసుపువన్నె మరకగా బయలుదేరి, నాలుగు దినములలో గుంటలు పడు తుప్పుగా పరిణమించును. నీరు సోకకున్నను, గాలిలోని తేమ నూటికి అరువది పాళ్లు దాటినచో రక్షణ లేని ఉక్కునకు అదియే చాలును. ముసురు పట్టిన వారములలో, మట్టిమిద్దె కారుచుండగా, గోడగూటిలోని గాలి యెట్లుండునో ఇటువారికి తెలిసినదే. కొత్త రివాల్వరు ఒంటిమీద నీలినలుపుగా నిగనిగలాడు మెరుగును, వ్యాపారులు బ్లూయింగ్ అనుదానిని, చూచి ఇది రంగుపూత, నీటిని ఆపునని అనేకులు నమ్ముదురు. అది రంగు కాదు. ఇనుముమీదనే రసాయనక్రియవలన పుట్టించిన పలుచని ఆక్సైడు పొర. సూక్ష్మమైన రంధ్రములు గలదగుటచేత నూనెను పట్టి యుంచుకొనుటకు అది మిక్కిలి ఉపకరించును గాని, నూనె ఆరిపోయిన పిదప నీటిని అడ్డగించు శక్తి దానికి లేదు. అమెరికాలోని స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీవారు 1965లో తుప్పుపట్టని ఉక్కుతో మొదటి రివాల్వరును తెచ్చిరి. మన కాన్పూరు కర్మాగారమువారు 2014లో టైటానియము మిశ్రలోహముతో ‘నిర్భీక్’ అను తేలిక రివాల్వరును వెలువరించిరి. అవి సుఖతరములే. అయినను తుప్పుపట్టని ఉక్కు అనబడునదియు ఆలస్యముగా పట్టునదే. ఒంటి లోహ మేదైనను లోపలి స్ప్రింగులను, చిన్న మరలను, పిన్నులను నీటివాత వదలరాదు.

ఇక నంద్యాల వరదనీరు వట్టి నీరు కాదు. అది రేగడి ఒండ్రును మోసుకొని వచ్చు నీరు. ఈ నల్లమన్ను వేలితో నలిపినచో గరుకు తగులనంత మెత్తనిది. తడిసినప్పుడు ఉబ్బును, ఎండినప్పుడు కుదించుకొని రాయివలె బిగియును. వేసవిలో చేనిలో నోళ్లు తెరచు నెఱ్ఱెలను చూచిన రైతునకు దీని స్వభావము విప్పి చెప్పనక్కరలేదు. అదే మన్ను రివాల్వరు సిలిండరునకును గొట్టమునకును నడుమ గల, కాగితమంత సన్నని సందులో దూరి ఎండినచో సిలిండరు తిరుగదు. సుత్తి వెనుక నిండినచో ట్రిగ్గరు సగము వచ్చి ఆగిపోవును. పిడికి ఇరుప్రక్కల నున్న చెక్కలను మరతిప్పి యూడదీసిన వారికి అసలు సంగతి కనబడును: పైకి శుభ్రముగా తుడిచినట్లుండిన ఆయుధములోనే, చెక్క క్రింది చట్రముమీద, చెక్క అంచు ఎంతవరకున్నదో అంతవరకు గీత గీచినట్లుగా ఎఱ్ఱని పొడి పేరుకొని యుండును, ప్రధానపు స్ప్రింగు అడుగున ఒక తడిమన్నుముద్ద చెమ్మ ఆరక నిలిచి యుండును. చెక్క నీటిని పీల్చుకొని వారములతరబడి మెల్లమెల్లగా ఉక్కునకు అందించుచునే యుండును. పైపై తుడుపు ఎందుకు చాలదో ఆ ఎఱ్ఱగీత యొక్కటియే చెప్పును.

కడుగుటకంటె, తుడుచుటకంటె ముందు చేయవలసిన పని ఒకటి కలదు. ఆయుధమును ఖాళీ చేయవలెను. నీట మునిగినది గదా, ఇంక పేలదు అను భ్రమ మిక్కిలి ప్రమాదకరము. మూతి మనిషివైపునకు గాని, పొరుగింటి గోడవైపునకు గాని తిరుగకుండ పట్టి, వేలు ట్రిగ్గరునకు దూరముగా నుంచి, పిల్లలను బయటికి పంపి, రివాల్వరైనచో సిలిండరును తెరచి తూటాలను బయటికి తీయవలెను. పిస్తోలైనచో ముందు మ్యాగజీను తీసి, పిమ్మట స్లైడును వెనుకకు లాగి, చాంబరులో మరియొక తూటా మిగిలియున్నదేమో కంటితోను చిటికెనవ్రేలితోను రెండుమారులు చూడవలెను. మ్యాగజీను తీసితిమి గనుక ఖాళీయైనదని తలచి చాంబరులో మిగిలిన ఒక్క తూటాచేత జరుగు అనర్థములు లోకములో నేటికిని జరుగుచునే యున్నవి. ఇచ్చట మరియొక ముఖ్యమైన సంగతి. ఒండ్రు బిగిసి సిలిండరు తెరచుకొనకున్నను, స్లైడు కదలకున్నను, బలవంతము చేయరాదు. సుత్తితో తట్టరాదు, స్క్రూడ్రైవరుతో మీటరాదు. లోపల తూటా లున్నవనియే భావించి, పోలీసు స్టేషనునకో లైసెన్సు గల ఆయుధవ్యాపారికో తెలిపి, వారు చెప్పినట్లు నడుచుకొనవలెను.

ఖాళీ యైనదని రూఢి చేసికొన్న తరువాత చేయవలసిన పని చాలమందికి విపరీతముగా తోచును. వరదలో తడిసిన ఆయుధమును మరల నీటితోనే కడుగవలెను. పిడిచెక్కలను ఊడదీసి, మంచి గోరువెచ్చని నీటిలో మెత్తని బ్రష్షుతో ఒండ్రంతయు పోవువరకు కడుగుట ముఖ్యము. మన్ను ఎండకముందే యీ పని జరుగవలెను, ఎండెనా రెండింతల కష్టము. మన్నుమీద నూనె పోసినవాడు ఆ రెంటిని కలిపి సానబెట్టు ముద్దగా మార్చి, ఆయుధపు కీళ్లలో తానే పెట్టుచున్నాడు. ఉక్కును నీటితో కడుగుట కొత్తపని గాదు. పూర్వము మన సైన్యములోను పోలీసులోను వాడిన తూటాల అడుగున నుండు పేలుడుబిళ్లలో పొటాషియము క్లోరేటు ఉండెడిది. కాల్చిన పిదప అది గొట్టములో ఉప్పుగా మారి, గాలిలోని తేమను పీల్చి, ఒక్క రాత్రిలో లోపల తుప్పు పట్టించెడిది. ఆ యుప్పు నూనెకు కరగదు, నీటికే కరగును. అందుచేత ఆనాటి సిపాయిలు కాల్పుల యభ్యాసము ముగియగానే త్రీ నాట్ త్రీ తుపాకి గొట్టములో గరాటుపెట్టి సలసల కాగిన నీటిని పోసెడివారు. మరిగిన నీరు ఉప్పును కరగించుకొని పోవును. వేడెక్కిన గొట్టము తనంతట తానే క్షణములో ఆరిపోవును. పిమ్మట గుడ్డపేలికకు నూనె రాచి లాగెడివారు. ఎన్.సి.సి.లో పనిచేసినవా రందరును పుల్‌త్రూ అను ఆ త్రాటిని, చిందీ అను ఆ గుడ్డముక్కను మరచిపోరు.

కడిగిన పిదప ఆరబెట్టుటలో తొందర పనికిరాదు, ఆలస్యమును పనికిరాదు. పొడి నూలుగుడ్డతో తుడిచి, హెయిర్ డ్రైయరు వేడిగాలిని మితముగా పట్టించి, మూతిని నేలవైపునకు వంచి గొట్టములోని నీటిబొట్లు రాలునట్లు చేయవలెను. పొయ్యిసెగకు పట్టుట, మిట్టమధ్యాహ్నపు టెండలో పరచి మరచిపోవుట, నిప్పులమీద కాచుట చేయరాదు. మిక్కిలి వేడికి స్ప్రింగుల పటుత్వము చెడును, పిడిచెక్కలు పగులును. ఆళ్లగడ్డ శిల్పి ఉలిని కొలిమిలో ఎఱ్ఱగా కాల్చి నీట ముంచి గట్టిపరచునప్పుడు, వేడి ఎంతవరకో నీరు ఎంతవరకో అతని కన్ను పట్టి చెప్పును. అదే ఉలి నిప్పులో కొంచె మెక్కువసేపుండినచో మెత్తబడి రాతికి లొంగిపోవును. స్ప్రింగు ఉక్కును అట్లే ఒక కొలత పదనుతో కర్మాగారములో చేసినదే. దానిని వంటింటిపొయ్యి దగ్గర మార్చుటకు పూనుకొనరాదు.

ఆరిన తరువాత నూనె. ఇచ్చట మన యిండ్లలోని వాడుక మార్చుకొనవలసియున్నది. కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదము: ఇవి తలకును వంటకును దీపమునకును ఎంత శ్రేష్ఠములో ఆయుధమునకు అంత అనర్హములు. గింజలనుండి తీసిన నూనెలు గాలి తగిలినకొలది చిక్కబడి, కొన్ని మాసములలో జిగటబంకగా మారి, దుమ్మును పట్టి, సుత్తి కదలికను మందగింపజేయును. కిరసనాయిలు మురికిని తేలికగా తీయును గాని, ఆవిరియైపోయిన పిదప ఉక్కుమీద రక్షణపొరను మిగుల్పదు. ఆయుధముల కొరకు ప్రత్యేకముగా చేసిన పలుచని ఖనిజతైలమే యుక్తము. అది దొరకని చోట తాత్కాలికముగా కుట్టుమిషను నూనె వాడుకొనవచ్చును. బ్రిటిషువారి కాలములో ఆయుధముల నూనెకు రంగూన్ ఆయిలు అను పేరు ప్రసిద్ధము. బర్మాలో ఇరావతీతీరపు బావులనుండి తీసిన ఖనిజతైలమే అది. ఆ రంగూనులోనే మన ఉత్తర సర్కారుల తెలుగు కూలీలు వేలకొలది ఓడరేవులలో బస్తాలు మోసి బ్రతికిరి; ఆ మాట తలచినప్పుడెల్ల నాకు ఆ నూనెడబ్బాల వెనుక మనవారి భుజములు కనబడును. నేడు ప్రతి మోటారు దుకాణములోను దొరకు డబ్ల్యూడీ-40 అను పిచికారీ 1953లో అమెరికాలో క్షిపణుల లోహమునుండి నీటిని తొలగించుటకు కనిపెట్టినది. నలువదవ ప్రయత్నమున ఫలించినందున ఆ పేరు వచ్చినది. సందులలో మిగిలిన నీటిని బయటికి నెట్టుటకు అది చక్కగా పనిచేయును. కాని అది నిలువనూనె కాదు. దానిని కొట్టి కొంతసేపటికి పూర్తిగా తుడిచి, పైన ఆయుధతైలము పలుచగా పూయవలెను. పలుచగా అనుమాటను మరల చెప్పుచున్నాను: కారిపోవునట్లు పోసిన నూనె చాంబరులోనికి దిగి హాని చేయును. మరునాడు గొట్టములో తెల్లని గుడ్డముక్క నడిపి చూడవలెను. గుడ్డకు గోధుమవన్నె అంటినచో తుప్పు ఇంకను సాగుచున్నదని అర్థము; మరల తుడిచి మరల పూయవలెను. గుడ్డ తెల్లగా వచ్చువరకు వారము పదిదినములు నిత్యము చూచుట మంచిది.

ఇంతవరకు ఇంటియజమాని చేసికొనదగినది. ప్రక్కపలకను విప్పి లోపలి యంత్రమును ముక్కలుముక్కలుగా తీయుట అతని పని గాదు. మన ఊళ్లలో ట్రాక్టరు గేరుపెట్టెను కళ్లు మూసికొని విప్పి బిగింపగల లేతుమిషను పనివారు కలరు. వారి నైపుణ్యము నిస్సందేహము. కాని తుపాకిని వారి చేతికి ఇచ్చుట ఇచ్చినవానికి, పుచ్చుకొన్నవానికి ఇద్దరికిని నేరమగును. 1959 ఆయుధ చట్టము 5వ సెక్షను ప్రకారము ఆయుధములను తయారుచేయుటకు, అమ్ముటకు మాత్రమే గాక మరమ్మతు చేయుటకును పరీక్షించుటకును ప్రత్యేకమైన లైసెన్సు ఉండవలెను.

తూటాల సంగతి వేరుగా చెప్పవలెను, ఏలననగా ప్రాణాపాయము ముఖ్యముగా అచ్చటనే యున్నది. సైన్యమునకు చేయు తూటాలలో నీరు చొరకుండ అంచులకు లక్కవంటి పూత పూయుదురు; బజారులో అమ్ము .32 తూటాలన్నిటికి అట్టి భద్రత యున్నదని నమ్మరాదు. ఇత్తడి గొట్టమునకును సీసపుగుండునకును నడుమ, అడుగున పేలుడుబిళ్ల చుట్టును, వెంట్రుకవాసి సందు చాలును నీరు లోనికి పోవుటకు. నీట నానిన తూటా బాగున్నదో చెడినదో పైకి చూచి చెప్పగలవాడు లేడు. పూర్తిగా చెడినచో పేలదు. అది అంత ప్రమాదము గాదు. సగము చెడినదే ప్రమాదకరము. మందు తడిసి సగమే మండినచో గుండు గొట్టము దాటలేక నడుమనే ఇరుక్కొనును; చప్పుడు మందముగా వచ్చును; కాల్చినవాడు అది గమనింపక రెండవమారు నొక్కినచో ముందరి గుండుకు వెనుకటి గుండు తగిలి గొట్టము పగులును, పగిలిన ముక్కలు వానిముఖముననే తగులును. మరికొన్నిమారులు మీట నొక్కినంతనే పేలక కొన్ని క్షణములు గడచి పేలును. అందువలన పేలలేదని తోచినప్పుడు కనీసము అరనిమిషము మూతిని సురక్షితదిశలో అట్లే ఉంచుమని శిక్షకులు చెప్పుదురు. గొట్టములో నీరు నిలిచియుండగా కాల్చుట కూడ ఇట్టి ప్రమాదమే. నీరు నొక్కుటకు లొంగనిది. వేగముగా వచ్చు గుండునకు అది క్షణములో తొలగి దారి ఇయ్యలేదు. ఆ ఒత్తిడి గోడలమీద పడి గొట్టము ఉంగరమువలె ఉబ్బును, లేదా చీలును. పని చేయుచున్నదో లేదో ఒకమారు ఆకాశములోనికి కాల్చి చూతమను బుద్ధి పుట్టినవారికి చట్టముకంటె ముందే యీ భౌతికశాస్త్రము శిక్ష విధించును. తడిసిన తూటాలను ఎండబెట్టుట, కాచుట, నూనెతో తుడుచుట, బావిలో పారవేయుట ఏదియు చేయరాదు. వాటిని లెక్కించి, లైసెన్సు పుస్తకములోని లెక్కతో సరిచూచుకొని, వ్యాపారికో స్టేషనుకో అప్పగించి, రసీదు పుచ్చుకొనవలెను.

నీటికిని తుపాకికిని గల వైరము ఈ నేలమీద నేటిది కాదు. పాళెగాడగు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి కుంఫిణీవారి కోవెలకుంట్ల ఖజానామీద దండెత్తినది 1846 జూలైలో, అనగా వానాకాలము పట్టుకొన్న దినములలో. ఆ కాలమునాటి పాళెగాండ్ర బంటులు వాడిన తుపాకులలో నిప్పుతో రాజుకొనుచుండు వత్తి ఒకటి యుండెడిది. ప్రక్కన గిన్నెవంటి చిన్న పళ్లెములో తెరచిన తుపాకిమందు ఉండెడిది. చినుకు పడెనా వత్తి ఆరును, మందు ముద్దయగును. కుంఫిణీ సేనలు చెకుముకిరాతి తుపాకినుండి, దెబ్బకు పేలు రాగిటోపీ గల తుపాకికి అప్పుడప్పుడే మారుచుండిరి. ఆ టోపీకి మూలమైన ఉపాయమును ఫోర్సైత్ అను స్కాట్లాండు మతబోధకుడు కనిపెట్టి 1807లో హక్కు పొందెను. నరసింహారెడ్డి చేతిలో వానకు జంకని తుపాకు లుండినచో కథ మరియొక విధముగా నడచెడిదని నేననను. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఆయనను ఉరితీసిన వెనుక అంతకంటె పెద్ద కారణములు కలవు. కాని ఆ సాహసమును తలచువారు ఆ వానను కూడ తలచుట న్యాయము.

వరద లేని యేట కూడ ఆయుధమునకు నీరు సోకుచుండును, దానికి హేతువు మన భక్తియే. విజయదశమినాటి ఆయుధపూజలో నాగలికి, మోటారుకు, కొడవలికి పెట్టినట్లే తుపాకికిని తడి గంధము, పసుపు, కుంకుమ పెట్టుట, నిమ్మకాయ కోసి రసము చిలుకుట, తడి బంతిపూలదండ చుట్టుట మన ఆచారము. పూజను నేను కాదనను; చేతిపనిముట్టునకు మ్రొక్కుట మన జాతి సంస్కారములలో ఉత్తమమైనది. కాని నిమ్మరసము ఆమ్లము. ఉక్కుమీది ఆక్సైడు పొరను అది నేరుగా తినివేయును. తడి గంధపుబొట్టు ఆరినను దాని క్రింద చెమ్మ నిలుచును. ఏడాదికొకమారు పెట్టి తుడువని బొట్టు క్రింద, పదియేండ్లకు, బొట్టంత గుంట మిగులును. బొట్టు పిడిచెక్కకు పెట్టి, దండ ఒరకు వేసి, మరునాడు ఉదయమే తుడిచి నూనె రాచినచో పూజకును లోపము లేదు, ఆయుధమునకును లోపము లేదు. తోలు ఒరను గూర్చి కూడ ఒకమాట. నడుమున కట్టుకొని తిరుగుటకే ఒర, దాచుటకు గాదు. తోలును ఊనిన లవణములును రసములును దానిలో మిగిలి గాలిలోని తేమను పట్టి ఉంచును. తడిసిన తోలులో మరల పెట్టిన రివాల్వరునకు ఒరయే ప్రథమశత్రువు.

తుప్పును తీయునప్పుడు గరుకుకాగితము వాడుట ఎందరికో అలవాటు. దానివలన మెరుగు పోవుటతో సరిపోదు. ప్రతి తుపాకిమీదను చెక్కిన సంఖ్య ఒకటి యుండును. లైసెన్సులోను, దేశమంతటి లైసెన్సుల సమాచారనిధిలోను ఆ సంఖ్యయే ఆ ఆయుధమునకు గుర్తు. సంఖ్యను చెరిపివేయుట ఆయుధ చట్టము 8వ సెక్షను క్రింద నిషిద్ధము. పైగా సంఖ్య చెరిగిన ఆయుధము ఎవరియొద్ద దొరకునో వారే చెరిపిరని చట్టము తలచును, కాదని నిరూపించు భారము వారిమీదనే పడును. అట్లగుటచేత తుప్పు ఆ సంఖ్యదాక వచ్చినదని కనబడినచో చేయి పెట్టక, ఉన్న స్థితిలోనే స్టేషనులో చూపి, వ్రాతమూలకముగా తెలియజేసికొనుట శ్రేయస్కరము. ఆయుధము వరదలో కొట్టుకొనిపోయినను అట్లే, దొరకునేమో చూతమని వారములు గడపక ఆనాడే తెలుపవలెను. ఒండ్రులో కూరుకొని పిల్లలచేత బడు తుపాకిని తలచినచో ఈ తొందర ఎందుకో బోధపడును.

ఎన్నికల వేళ లైసెన్సు ఆయుధములను స్టేషనులో అప్పగింపించుట ఇటువైపు ఆనవాయితీ. 2017 ఆగస్టు 23న జరిగిన నంద్యాల ఉపయెన్నిక వలె వానాకాలములో వచ్చు ఎన్నికలలో, స్టేషను మాల్‌ఖానాలో చీటీ కట్టి వరుసగా పెట్టిన ఆయుధములు వారములతరబడి చెమ్మగాలిలో నుండును. పోలీసువారి పని వాటిని భద్రపరచుటే. ఒక్కొక్కదానికి నూనె రాయుట వారి బాధ్యత కాదు, అంత తీరికయు వారికి లేదు. ఇచ్చువాడే ముందు ఖాళీచేసి, నూనె రాచి, నూనెగుడ్డలో చుట్టి, తోలు ఒర ఇంట వదలి ఇయ్యవలెను; తిరిగి తెచ్చుకొన్ననాడే తెల్లగుడ్డ నడిపి చూచుకొనవలెను. నాకు తెలిసినంతలో ఈ చిన్నజాగ్రత్త తీసికొనువారు అరుదు, తిరిగి తెచ్చుకొన్నదానిని తీసి చూడకయే బీరువాలో పెట్టువారే అధికము.

ఆయుధ చట్టమునకు 2019 డిసెంబరులో వచ్చిన సవరణచేత ఒక మనిషికి మూడు ఆయుధముల స్థానమున రెండే మిగిలినవి. లైసెన్సు గడువు మూడేండ్లనుండి అయిదేండ్లకు పెరిగినది. ఈ మార్పును నేను మనసార స్వాగతించినవాడను. అయిదేండ్లకొకమారు గదా పునరుద్ధరణ అని నడుమ ఆయుధమును తెరచి చూడని అలసత్వము మాత్రము పెరుగరాదు.

చివరకు చెప్పవలసినది, అన్నిటికంటె నాకు ముఖ్యముగా తోచునది, భర్తనో తండ్రినో పోగొట్టుకొని ఆయన రివాల్వరును బీరువాలో మిగుల్చుకొన్న ఆడపడుచులకు. లైసెన్సు గలవారు మరణించిన పిదప ఆయుధమును ఇంట ఉంచుకొనుటకు వీలులేదు. ఆలస్యము చేయక స్టేషనునకు గాని లైసెన్సు వ్యాపారికి గాని అప్పగింపవలెనని చట్టము చెప్పుచున్నది. అప్పగించినంత మాత్రమున అది పోయినట్లు కాదు; వారసులు లైసెన్సు కోరవచ్చును, వ్యాపారి మూలమున అమ్ముకొనవచ్చును. ఇన్నాళ్లు ఎందుకుంచినారని అడుగుదురేమో అను జంకుతో దానిని వరదకును తుప్పుకును వదలివేయుట అందరికి కీడు. నీరు సోకినదని తెలిసినచో తాకవద్దు, తుడువవద్దు, లోపల తూటా లున్నవో లేవో చూడ ప్రయత్నింపవద్దు. గది తలుపు మూసి, పిల్లలను ఆవలికి పంపి, ఊరి పెద్ద నొకరిని తోడు పిలుచుకొని స్టేషనునకు కబురు చేయుడు. వచ్చిన ఉద్యోగి ఆయుధమును ఖాళీచేసి, సంఖ్య వ్రాసికొని, తూటాలను లెక్కించి ఇచ్చిన రసీదును పాసుపుస్తకముతోపాటు మిద్దెమీది పెట్టెలో దాచుకొనుడు.